టోపీకి పట్టిన చెమట

టోపీ మాసిందని సిగ్గుపడాల్సిన పని హైదరాబాదులో ఎవరికీ లేదు. 1937లో 'టైమ్' పత్రిక అట్ట మీదికి ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ఎక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒకే రూమీ టోపీని 35 ఏళ్లు పెట్టుకున్నాడని చెప్పుకుంటారు. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ వేసిన బట్ట మళ్లీ వేయలేదంటారు. ఆ తండ్రిగారి బట్టల బీరువా పురానీ హవేలీ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. సుమారు 176 అడుగుల పొడవు, రెండంతస్తులు. తండ్రి దాచుకున్నది బీరువా, కొడుకు దాచుకున్నది టోపీ. టర్కీ వాళ్లు 1925లో చట్టం చేసి మరీ తలల మీంచి దించేసిన టోపీని మనవాళ్లు ఆ తర్వాత కూడా ఇత్తడి అచ్చుల మీద సాగదీసి, ఆవిరి పట్టించి, తళతళలాడేట్టు చేసి పెట్టుకున్నారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయ్యాక రూమీ టోపీలు సందూకుల్లోకి పోయి గాంధీ టోపీలు బయటికొచ్చాయి. రాజ్యం మారితే తలకాయ మారదు, టోపీ మారుతుంది.

అలా బయటికొచ్చిన ఒక గాంధీ టోపీ సంగతి ఇది.

లాల్‌దర్వాజాలో సింహవాహిని మహంకాళి గుడికి నాలుగు సందుల అవతల ఒక పాత డాబా ఇల్లు. ఇంటాయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. బస్తీ మొత్తానికీ ఆయన 'సారు'. హాల్లో అమ్మవారి క్యాలెండరుకూ తండ్రి ఫొటోకూ మధ్య గోడకు ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో ఖద్దరు టోపీ. ఒకప్పుడు తెల్లగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు అంచు చుట్టూ రెండు వేళ్ల మందాన గోధుమరంగు పట్టీ.

బోనాలకు చుట్టాలొస్తే ముందు అమ్మవారి దర్శనం, తర్వాత టోపీ దర్శనం. సారు తాళం తీసి, రెండు చేతులతో టోపీని బయటికి తీసేవాడు.

"ఇది మా నాయిన చెమట. చంచల్‌గూడ జైల్ల పట్టిన చెమట. పదమూడు నెలలు. ఇన్నేండ్లయినా పోలేదు సూడుండ్రి."

తర్వాత మడత విప్పి లోపలి వైపు చూపించేవాడు. అక్కడ నల్లగా, చిన్నగా ఒక గుర్తు. పక్కపక్కన మూడు చుక్కలు, వాటి కింద అడ్డంగా ఒక గీత.

"ఇది జైలు ముద్ర. మూడు చుక్కలంటే మూడో బ్యారకు. గీత అంటే రాజకీయ ఖైదీ."

పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. పెద్దవాళ్లు కళ్లకద్దుకునేవాళ్లు. సారు భార్య మాత్రం వంటింట్లోంచే, "చెయ్యి కడుక్కున్నంక బువ్వకు రాండ్రి" అనేది. పెట్టె మీద దుమ్ము తుడిచే మనిషి ఆమే కనుక టోపీతో ఆమెకున్న చుట్టరికం వేరు.

సారు తండ్రిని బస్తీలో పెద్దాయన అనేవారు. షాలిబండలో బట్టల దుకాణం. కేంద్రం 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను మొదలుపెట్టినప్పుడు ఆదాయ పరిమితి ఉండేది, ఏడాదికి 5,000 రూపాయలు. దుకాణం మీద అంతకన్నా ఎక్కువే వచ్చేది కాబట్టి పెద్దాయన ఆ జోలికి పోలేదు. 1980 ఆగస్టు నుంచి ఆ పరిమితి ఎత్తేశారు. పింఛను పేరులో 'సమ్మాన్' చేరింది. పేదరికం చూసి ఇచ్చేది గౌరవం చూసి ఇచ్చేదయ్యాక పెద్దాయనకూ అర్జీ పెట్టాలనిపించింది. కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు రుజువు కావాలి. జైలు కాగితాలు దొరకకపోతే తోటి ఖైదీలు రాసిచ్చే సర్టిఫికెట్లు పెట్టుకోవచ్చు. పెద్దాయనకు జైలు కాగితాలు దొరకలేదు, తోటి ఖైదీలు దొరికారు. పింఛను వచ్చింది. ఆయన పోయాక ఆయన భార్యకూ వచ్చింది. ఆ రోజుల్లో సారు నల్లగొండ జిల్లాలో పల్లెటూరి బడిలో పంతులు. ఒక దసరాకు ఇంటికొచ్చేసరికి గోడ మీద అద్దాల పెట్టె కనిపించింది. అంతకుముందు టోపీ ఎక్కడుండేదని ఆయన అడగలేదు. తండ్రి వస్తువు కొత్తగా కనిపిస్తే ఏ కొడుకూ అడగడు.

తండ్రి మీద సారుకున్న భక్తి మామూలుది కాదు. పాత హైదరాబాదు రాజ్యంలోదే అయిన బీడ్ జిల్లాలో దొంగ సమరయోధుల పింఛన్ల వ్యవహారం 2005లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు ఆయన పేపరు చదివి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "అసలైనోళ్ల చెమటను అమ్ముకున్నోళ్లను నడిబజార్ల నిలవెట్టాలె" అని సంపాదకుడికి ఉత్తరం రాశాడు. అచ్చయింది కూడా. ఆ ముక్క కత్తిరించి టోపీ పెట్టె అడుగున అంటించాడు.

ఇక 2022. సెప్టెంబర్ 17కు మన దగ్గర పేర్లు ఎక్కువ. విలీనం అన్నవాళ్లున్నారు, విద్రోహం అన్నవాళ్లున్నారు. ఆ ఏడాది కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం చేస్తే, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం చేసింది. ఒకటే తారీకు, ఎవరి ఫ్లెక్సీ వారిది. ఫ్లెక్సీలున్నచోట సన్మానాలుంటాయి, సన్మానాలకు మనుషులు కావాలి. అసలు మనుషులు పోయారు కాబట్టి వాళ్ల పిల్లల్ని వెతుక్కుంటూ బస్తీ యువకులు బయల్దేరారు. వారం రోజుల ముందు సారు ఇంటికీ వచ్చారు. టోపీని ఫోన్లో ఫొటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు.

"సార్, స్టేజీ మీద పెద్ద స్క్రీన్ వెడుతున్నం. టోపీ క్లోజప్ వస్తది. జర సాఫ్ చేపిస్తే మంచిగుంటది. ఇట్లుంటే ఏదో చాయ్ ఒలికినట్టు కనవడుతున్నది."

సారుకు కోపం వచ్చింది. "ఏమయ్యా, చెమట గురించి మాట్లాడెటప్పుడు చాయ్ మాట తెస్తవా?"

వాళ్లు వెళ్లిపోయాక సారు భార్య అంది, "పోరగాండ్లు మంచిగనే చెప్పిండ్రు. చెమట పట్టుడు గొప్పతనమే. ఉతుక్కోకపోవుడు గూడ గొప్పతనమేనా?"

దీనికి హెడ్మాస్టరు దగ్గర కూడా జవాబు లేదు. మరక పూర్తిగా పోకూడదు, కొంచెం తేలాలి అని ఒప్పందం కుదిరింది. పని కోడలి చేతికొచ్చింది.

కోడలు ఎం.ఎస్సీ. చదివింది కానీ ఆ పూట నమ్మింది యూట్యూబునే. ఆ వీడియోల్లో ఏ మరకైనా నిమిషంలో పోతుంది. మన ఇంటి మరక ఆ వీడియో చూడలేదు కాబట్టి పోదు. అయితే వాటిలో చెప్పేదంతా అబద్ధమని కాదు. చెమటకు నిజానికి రంగుండదు. అందులో ఎక్కువపాళ్లు నీళ్లు, కొంచెం ఉప్పు. టోపీ అంచున పసుపు పట్టీ కట్టేది చెమటతో పాటు నుదుటి మీంచి దిగే జిడ్డు. అది బట్టలోకి ఇంకి, గాలి తగిలి, నెలలకూ ఏళ్లకూ ముదిరి రంగు తేలుతుంది. ఆ పైన కనిపించే తెల్లటి అల గీత ఆరిన ఉప్పు. కాబట్టి ముందు జిడ్డును విడగొట్టాలి. అంట్లు తోమే ద్రవం పనిచేసేది అందుకే. వంటసోడా సాయం చేస్తుంది. ఉప్పు గీతకు నిమ్మరసమో వెనిగరో చాలు. బ్లీచింగ్ పౌడరు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, చెమట మరకను అది ఇంకా పసుపు చేస్తుంది. మరక ఉండగా ఇస్త్రీ పెట్టడం అన్నిటికన్నా తప్పు, వేడికి మరక బట్టను పట్టుకుని కూర్చుంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడమని కూడా వీడియోలో చెప్పారు. "జుట్టుకు రంగు తీసే మందు మా నాయిన టోపీకా?" అని సారు కొట్టిపారేశాడు.

మొదటి పూట కోడలు అంట్ల ద్రవంలో వంటసోడా కలిపి ముద్ద చేసి, పాత టూత్‌బ్రష్‌తో అంచుకు ఒక పక్క పట్టించింది. అరగంట తర్వాత చూస్తే మరక పోలేదు సరికదా, ముద్ద పెట్టిన మేర ముదురు రంగుకు తిరిగింది. గోధుమ కాస్తా కాచు రంగయింది.

"సోడా ఎక్కువేసినట్టున్నవ్" అంది అత్తగారు. ఆమె తన కాలం వైద్యానికి దిగింది. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేణ్నీళ్లలో నానబెట్టి పిసికింది. కుంకుడు నురగకు లొంగని జిడ్డుండదు. పట్టుచీరలూ దాంతోనే, తలకాయలూ దాంతోనే. టోపీని అందులో ముంచి మెల్లగా నలిపింది. నురగ బ్రహ్మాండంగా వచ్చింది. వచ్చిన నురగ వచ్చినట్టే తెల్లగా ఉండిపోయింది. జిడ్డు వదిలితే నురగ చచ్చిపోయి నీళ్లు మడ్డిగా మారాలి. ఇక్కడ ఆ ఛాయలే లేవు.

"ఏం చెమటనో తల్లీ, జిడ్డే లేదు" అనుకుంది ఆమె.

"ఉపవాసాల్లో ఉన్న మనిషికి జిడ్డెక్కడిది?" అన్నాడు సారు హాల్లోంచి.

మర్నాడు నిమ్మకాయ, ఉప్పు. సగానికి కోసిన నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్ది డాబా మీద ఎండలో పెట్టారు. ఈసారి రుద్దిన చోట రంగు తేలింది. అందరి ముఖాలూ వికసించాయి. ఇంకొంచెం తేలనిద్దామని కోడలు దొడ్లో ఉన్న పాత ఇనుప తొట్టిలో బోరునీళ్లు పోసి టోపీని రాత్రంతా నానబెట్టింది. ఆ తొట్టి అడుగున తుప్పు ఉంది. తెల్లారి తీసి చూస్తే తొట్టి అంచుకు ఆనుకున్న చోటల్లా టోపీ సిరా ఒలికినట్టు నీలంగా, నల్లగా మారి ఉంది.

ఒక పక్క కాచు రంగు, ఒక పక్క లేత పసుపు, మధ్యలో నల్లసిరా. టోపీకి మూడు రంగులొచ్చాయి కానీ జెండా రంగులు కావు. సన్మానం ఎల్లుండి.

అప్పుడు గుర్తొచ్చాడు ఇస్త్రీ తాత.

సందు మలుపులో వేపచెట్టు కింద ఆయన బండి. డెబ్బై దాటినా బొగ్గుల పెట్టె ఎత్తితే చెయ్యి వణకదు. వాళ్ల తండ్రి ఈ బస్తీ బట్టలన్నీ గాడిదల మీద మూసీకి తీసుకెళ్లి చవుడు మన్ను వేసి ఉతికేవాడట. ఇప్పుడు వాషింగ్ మెషీన్లు వచ్చి ఉతుకుడు పోయింది, ఇస్త్రీ మిగిలింది. సారు ఇంటి బట్టలు మాత్రం మూడు తరాలుగా వాళ్లవే.

తాత వచ్చి చెప్పులు గడప బయట విడిచి, హాల్లో కింద కూర్చుంటుంటే కోడలు కుర్చీ లాగింది. కూర్చున్నాడు. టోపీ చేతికిచ్చారు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్లద్దాలు తీసి దగ్గరగా పెట్టుకుని చూశాడు. మరక నీలంగా మారిన చోట గోరుతో గీకి వాసన చూశాడు. తర్వాత మడత విప్పి లోపల నల్ల గుర్తు దగ్గర చాలాసేపు ఆగాడు.

"అమ్మా, సోడా వెట్టిండ్రా?"

"పెట్టినం తాతా. ఇంకా ముదిరింది."

"నిమ్మకాయ వెట్టెవరకు తేలిందా?"

"తేలింది."

"తుప్పు తాకంగనే నల్లగైంది."

"అవును తాతా. చెమట మరక ఇట్లెందుకు చేస్తది?"

"చెమట మరకైతే ఇట్ల చెయ్యది బిడ్డా."

సారు పేపరు పక్కన పెట్టాడు.

"నిమ్మకాయ పిండితే చాయ్ రంగు తేలిపోతది గదా? సోడా ఏస్తే నల్లగ దిగుతది. ఇనుము తలిగితే సిరా అయితది. ఇది డికాక్షన్. మంచిగ కాచిన డికాక్షన్."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. సారు లేచి నిలబడ్డాడు.

"ఏం మాట్లాడుతున్నవ్? ఎవరి టోపీ అనుకున్నవ్ అది? జైల్ల—"

"కోపం చెయ్యకు సారూ. చూడు." తాత టోపీని తలకు పెట్టుకున్నట్టు గాలిలో పట్టుకుని చూపించాడు. "చెమట నెత్తి మీదికెళ్లి వస్తది. నుదుటి కాడ ఎక్కువ పడతది, ఎనుక తక్కువ పడతది. లోపటికెళ్లి బయటికొస్తది. దీనికి సుట్టూత ఒక్క తీరుగున్నది. నెత్తికి తాకని మడత సందుల గూడ అంతే రంగున్నది. అంటే పెట్టుకున్న టోపీ గాదు, ముంచిన టోపీ. తళిగెల డికాక్షన్ రెండు ఏళ్లంత పోసి, అంచును నిలవెట్టాలె. దింపి నీడకు ఆరవెట్టాలె. ఎండకు పెడితే మచ్చలు మచ్చలైతది."

"నువ్వు చూసినట్టే చెప్తున్నవే?"

"చాయ్ కాచింది నేనే సారూ."

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు గోడ వైపు చూసింది.

"పింఛన్లు అందరికిస్తరని చెప్పిన ఏడు. ఎవరు మొదలువెట్టిండ్రో ఏమో, ఎంక్వైరీకి వచ్చినోళ్లకు పాత టోపీ చూపెడితె నమ్ముతరని పేరు వడ్డది. ఖద్దరు భండారుల కొత్త టోపీలు కొని మా నాయిన కాడికి వచ్చేటోళ్లు. జర చెమట పట్టియ్యే అని. టోపీకి రూపాయి. మా అమ్మ తిట్టేది, చాయ్‌పత్త పిరమైందని."

"అబద్ధం" అన్నాడు సారు. గొంతు హెడ్మాస్టరుది కాదు. "దీని మీద జైలు ముద్ర ఉన్నది. నువ్వే చూసినవ్ ఇప్పుడు. మూడు చుక్కలు, గీత."

తాత నవ్వలేదు. నవ్వి ఉంటే సారు తట్టుకునేవాడు.

"అది మా నిషాను సారూ. ధోబీ నిషాను. నల్లజీడి గింజ రసం, సున్నం. బట్ట చినుగుతది గని అది పోదు. ఎవరింటి బట్టలు ఎవరింటికి పోకుండ ఇంటికో తీరు పెడతం. మూడు చుక్కలు మీ ఇల్లు. మీ తాత కాలం నుంచి మీ ఇల్లే. మీ పాత దుప్పట్లు తీసి చూడుండ్రి, ఉంటది."

"మరి గీత?" అడిగింది కోడలు.

"గీత అంటే ఉతుకొద్దని. పింఛను టోపీలకే పెట్టేటోడు. మామూలు బట్టలల్ల కలిసిందనుకో, తెలువక ఉతికేస్తిమంటే మళ్ల చాయ్ కాయాలె గదా."

సారు కూర్చున్నాడు. పెట్టె అడుగున అంటించిన పేపరు ముక్క అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. 'నడిబజార్ల' అన్న మాటను సంపాదకుడు 'నడిబజారులో' అని దిద్దాడని ఆయనకు అప్పట్లో కొంచెం బాధగా ఉండేది.

ఫోన్ మోగింది. సన్మానం కుర్రాడు. "సార్, టోపీ సాఫయిందా? మిమ్మల్నే ఫస్టు పిలుస్తున్నం." సారు "ఆఁ, ఆఁ" అని పెట్టేశాడు.

చాలాసేపటికి ఆయనే నోరు విప్పాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

"ఈ మూడు రంగులు... ఒక్క తీరుగ చేసియ్యొస్తదా? ముందటి లెక్క?"

"వస్తది. నల్లగైన జాగల నిమ్మ ఉప్పు పెట్టి తుప్పు తీసి, మళ్ల ముంచాలె. రేపు పొద్దుమీకి ఇస్త."

"ఎంత?"

"ఏమిస్తవు సారూ, పాత గిరాకి."

తాత టోపీని రుమాల్లో చుట్టుకుని లేచాడు. గడప దాకా వెళ్లాడు. సారుకు ఏదో అడ్డుపడింది. పంతులు బుద్ధి, జవాబులో ఖాళీ కనిపిస్తే ఊరుకోదు.

"ఆగు. జైల్ల ఉన్నోళ్ల టోపీ ఎట్లుంటదో మీ నాయినకెట్ల దెలుసు?"

"ఉండి వచ్చిండు గద సారూ. పదమూడు నెలలు, చంచల్‌గూడల. పోలీసు యాక్షన్ అయినంకనే ఇడిచిపెట్టిండ్రు."

"మీ నాయినా? ఎందుకు?"

"నలభై ఏడు ఆగస్టుల, ఎవరో మూడు రంగుల జెండా ఉతకనిచ్చిండ్రు. అప్పుడు నిజాం సర్కారు జెండా ఎగరెయ్యనియ్యకుండె గదా. ఈయన దాన్ని ఉతికి మూసీ ఒడ్డున దండెం మీద ఆరేసిండు. గాలికి లేషింది. సిపాయిలు చూసిండ్రు. ఎవరిదని కొట్టిండ్రు. చెప్పలే."

"మరి... ఆయనకు పింఛనెందుకు రాలే?"

"ఆయనకు టోపీ లేకుండె సారూ. నెత్తికి తువ్వాలనే కట్టేటోడు. సర్టిఫికెట్ రాసియ్యమని ఒకరిద్దరిని అడిగిండు. నువ్వు జెండా ఎత్తలే, ఆరేసినవ్ అన్నరు."

సారు భార్య చెంగుతో మూతి అద్దుకుంది. కోడలు మాత్రం ఆగలేకపోయింది.

"ఆ జెండా ఎవరిది తాతా? మీ నాయిన మీకన్న చెప్పిండా?"

తాత చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు.

"పేరైతే సచ్చిందాక చెప్పలే బిడ్డా. సిపాయిలకు నిషాన్లు చదవరాకుండె గాబట్టి సరిపోయింది. మూల మీద మూడు చుక్కలుండెనట."